రెండు డాలర్ల బుధవారం, నలభై డాలర్ల టోపీ

2025 జూన్‌లో ఆక్లాండ్ కొలీజియంకి క్రికెట్ చూడ్డానికి వెళ్ళాను. మేజర్ లీగ్ క్రికెట్ ఆ ఏటి మొదటి మ్యాచ్ అక్కడే. శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ తరఫున ఫిన్ ఆలెన్ 51 బంతుల్లో 151 బాదాడు, అందులో 19 సిక్సర్లు. ముందు వరసలో ఫ్రీమాంట్ నుంచి వచ్చిన మనవాళ్ళ కుటుంబం, వెనక వరసలో శాన్ హోసే కుర్రాళ్ళు, ఎటు చూసినా తెలుగే వినిపిస్తోంది. నా నెత్తిన మాత్రం ఆకుపచ్చ టోపీ, దానికి పసుపు అంచు, నుదుటి మీద పెద్ద ‘ఎ’.

వెనక కుర్రాడు ఉండబట్టలేక అడిగాడు: “అంకుల్, ఇది ఇండియా ‘ఎ’ టీమ్ క్యాపా?”

“కాదు బాబూ, ఆక్లాండ్ అథ్లెటిక్స్‌ది. ఈ గ్రౌండ్‌లో 57 సీజన్లు బేస్‌బాల్ ఆడినవాళ్ళది.”

“మరి వాళ్ళేరి?”

“పోయినేడు ఊరొదిలి వెళ్ళిపోయారు.”

“టీమ్ ఊరొదిలి వెళ్ళడమేంటంకుల్?”

రెండు ఓవర్ల మధ్య చెప్పే జవాబు కాదది. ఈలోగా ఆలెన్ ఇంకోటి స్టాండ్‌లోకి పంపాడు, కుర్రాడు నన్ను మర్చిపోయాడు. అతనికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాదు వాళ్ళకి ఈ బాధ కొంత తెలుసు. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్‌ని 2012లో బీసీసీఐ రద్దు చేసింది, ఆ వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది. అక్కడ ఊరు మిగిలింది, పేరు పోయింది. ఇక్కడ తలకిందులు. పేరు, రంగులు, చొక్కా మీది ఏనుగు బొమ్మ అన్నీ భద్రంగా ఉన్నాయి, ఊరొక్కటే పోయింది. ఆ ఏనుగుకో కథ ఉంది. 1902లో జాన్ మెక్‌గ్రా అనే ప్రత్యర్థి మేనేజరు ఈ జట్టుని ‘తెల్ల ఏనుగు’ అని ఎగతాళి చేశాడు. మేపలేక చావాల్సిన సొమ్మని అతని వెటకారం. జట్టు మేనేజరు కోనీ మాక్ ఆ తిట్టునే తీసుకుని గుర్తుగా పెట్టుకున్నాడు. అప్పుడు జట్టు ఉన్నది ఫిలడెల్ఫియాలో. 1955లో కాన్సస్ సిటీకి, 1968లో ఆక్లాండ్‌కి వచ్చింది. 2025 నుంచి వెస్ట్ శాక్రమెంటోలో తలదాచుకుంటోంది. 2028కి లాస్ వేగస్ చేరతామంటున్నారు. నిజానికి మాకు ఈ జట్టు దక్కిందీ ఇంకో ఊరివాళ్ళ ఏడుపు మీదే. కాన్సస్ సిటీ ఉసురు యాభై ఏడేళ్ళకి తగిలిందని అనుకోవాలేమో.

నేను మొదటిసారి ఆ ఆట చూసింది 2004లో, ఒక బుధవారం. ఫ్రీమాంట్‌లో నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆఫీసులో ఎవరో చెప్పారు, బుధవారాలు టికెట్ రెండు డాలర్లే, హాట్‌డాగ్ డాలరేనని. ఆటంటే ఏమిటో ఒక్కడికీ తెలియదు. “కర్రాబిళ్ళే కదరా, కొట్టి పరిగెత్తడమే” అన్నాడు మా రూమ్మేటు, ఏలూరు వాడు. బార్ట్ రైలెక్కాం, కొలీజియం స్టేషన్లో దిగాం. స్టేషన్నించి స్టేడియం దాకా ఒక పొడుగాటి వంతెన. దాని మీద దొంగ టీషర్టులు పరిచి అమ్మేవాళ్ళు, చల్లటి నీళ్ళ సీసాలు, పంది మాంసం చుట్టి పెనం మీద కాలుస్తున్న సాసేజీల పొగ. తిరునాళ్ళకి వెళ్తున్నట్టే అనిపించింది. ఆ రోజుల్లో ఈ జట్టుకి బ్యారీ జీటో అనే ఎడమచేతి పిచర్, అంటే మన బౌలరు లాంటివాడు, ఉండేవాడు. అతని కర్వ్‌బాల్ బ్యాటరు కంటి ఎత్తున బయల్దేరి మోకాలి దగ్గర దిగేది. అంతవరకూ స్పిన్నంటే హర్భజన్ అనుకునేవాణ్ణి, గాల్లోనే అంత వంపు తిరిగే బంతి ఉంటుందని అప్పుడే తెలిసింది.

టికెట్ రెండు డాలర్లకి ఎందుకిచ్చారు? ఉదారత అనుకున్నాం. అందులో లెక్క ఉందని తర్వాత అర్థమైంది.

బేస్‌బాల్ జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది, అందులో సగం, అంటే 81, సొంత ఊళ్ళో. బుధవారం మధ్యాహ్నం ఖాళీగా పోయిన సీటు కదిలిపోయిన బస్సులో సీటు లాంటిది, రేపు అమ్ముకోవడానికి ఉండదు. ఆ సీట్లో ఇంకో మనిషి కూర్చుంటే జట్టుకి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు సున్నా. అదే మనిషి వచ్చాడంటే హాట్‌డాగులు తింటాడు, కారుంటే పార్కింగ్ కడతాడు, రెండోసారికి టోపీ కొంటాడు, పదేళ్ళకి పిల్లల్ని తెస్తాడు. నా విషయంలో ఇవన్నీ అక్షరాలా జరిగాయి. రెండు డాలర్లు పెట్టి నన్ను నేను వాళ్ళకి అమ్ముకున్నాను.

ఇది పాతకాలపు వ్యాపారం. జనం నిండితే డబ్బు అదే వస్తుందని నమ్మకం. దీనికి పూర్తిగా ఎదురుదారి 2006లో అదే స్టేడియంలో చూశాం. ఆ ఏడాది పై అంతస్తు మొత్తం టార్పాలిన్లతో కప్పేశారు. సీట్లు 34,077కి తగ్గాయి. మా రూమ్మేటు నవ్వాడు: “కొట్టు సగం మూసేసి వ్యాపారం పెంచుతారట్రా!” నిజంగానే అంతే. సీటు ఎప్పుడూ దొరుకుతుందని తెలిస్తే ఎవడూ ముందు కొనడు. దొరకదేమో అన్న భయం పుట్టిస్తే సీజన్ టికెట్ అమ్ముడవుతుంది. ఆ లెక్క దేశమంతా పట్టుకుంది. బాల్టిమోర్‌లో 1992లో కట్టిన కామ్డెన్ యార్డ్స్ ఎర్ర ఇటుకలతో వందేళ్ళ నాటి మైదానంలా కనిపిస్తుంది, కానీ దాని ముందున్న స్టేడియం కన్నా సీట్లు తక్కువ, ఖరీదైన అద్దాల గదులు ఎక్కువ. తర్వాత వచ్చిన స్టేడియాలు చాలావరకూ దాని అచ్చులో పోసినవే. న్యూయార్క్ యాంకీస్ 2009లో కొత్త స్టేడియం తెరిచి ముందు వరస సీట్లకి ఒక్క ఆటకి 2,500 డాలర్లు పెట్టారు. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజులు. బ్యాటరు నిలబడే హోమ్ ప్లేట్ వెనక ఖాళీ కుర్చీలు రోజూ టీవీలో కనపడేసరికి సీజన్ మొదటి నెలలోనే కొన్నిటి ధర సగానికి సగం కోశారు.

అదే ఏడాది బే అవతలి ఒడ్డున శాన్‌ఫ్రాన్సిస్కో జయంట్స్ కొన్ని సీట్ల మీద ఒక ప్రయోగం చేశారు. ధర ముందే అచ్చువేసి ఉంచకుండా, వస్తున్న పిచరెవరు, వాతావరణం ఎలా ఉంది, ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయి అని చూసి రోజురోజుకీ మార్చడం. 2010కల్లా స్టేడియం మొత్తానికీ అదే పద్ధతి పెట్టేశారు. విమానం టికెట్లకి అలవాటైన పద్ధతే. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు వేరే వేరే ధరలు కట్టి ఉంటారు. అభిమాన హీరో సినిమా ప్రీమియర్‌కి మామూలు కంటే రెండు మూడు రెట్లు పెట్టే మనకి ఇందులో వింతేం కనపడదు.

ఈ ఆలోచన క్లబ్బులకి ఎవరు నేర్పారంటే, బ్లాకులో అమ్మేవాళ్ళు. 20 డాలర్ల టికెట్‌ని బయట 60కి కొంటున్నారంటే దాని అసలు ధర అరవయ్యేనని, ఆ నలభై తమ జేబులో పడాల్సిందని యజమానులు గ్రహించారు. ఒకప్పుడు స్టేడియం గేటు దగ్గర పోలీసులు తరిమిన వ్యాపారం ఇది. 2007లో బేస్‌బాల్ లీగే టికెట్లు తిరిగి అమ్మే స్టబ్‌హబ్ అనే సైటుతో ఒప్పందం చేసుకుని దాన్ని అధికారికం చేసింది. 2023లో ఆ స్థానం సీట్‌గీక్‌కి వెళ్ళింది. బ్లాకు పోలేదు, కౌంటరు లోపలికి వచ్చి కూర్చుంది.

కౌంటరు లోపలికి వచ్చాక ఇంకో రోగం కూడా పట్టుకుంది. ఒక సైట్లో రెండు టికెట్లు, ఒక్కోటి 18 డాలర్లని చూసి నొక్కాను. సీట్లు ఎంచుకుని, పేరు కొట్టి, కార్డు నంబరిచ్చి చివరి పేజీకి వచ్చేసరికి 58. ‘సేవా రుసుము’ అట. ఫోన్లోకి ఒక బొమ్మ పంపినందుకు ఎంత సేవో మరి. అప్పటికే పిల్లకి మాటిచ్చేశాను, కట్టేశాను. చివరి పేజీలో ఎవరూ వెనక్కి పోరని వాళ్ళకి తెలుసు. 2025 మే నుంచి కేంద్ర నిబంధన వచ్చింది, మొదటి పేజీలోనే మొత్తం ధర చూపించాలి. రుసుము తీసెయ్యమని చెప్పలేదు, దాచొద్దని మాత్రమే చెప్పింది.

ఇక్కడొక మాట అనాలి. టికెట్ ధర పెరిగినప్పుడల్లా జనం తిట్టేది ఆటగాళ్ళ జీతాల్ని. షోహెయ్ ఒహ్తాని అనే జపాన్ ఆటగాడికి పదేళ్ళకి 70 కోట్ల డాలర్లిస్తే టికెట్ పెరగదా అంటారు. నాకు ఇది తోక కుక్కని ఆడిస్తోందన్నట్టు కనిపిస్తుంది. జీతం సీజన్ మొదలవకముందే ఖాయమైపోయిన ఖర్చు. ఏ రోజు ఏ సీటుకి ఎంత పెట్టాలన్నది మాత్రం ఆ సీటుకి మనమెంత ఇస్తామన్న దాన్ని బట్టే. ఒహ్తాని వచ్చాక లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆటలకి 2025లో 40 లక్షల మంది పైగా వచ్చారు, ఆ క్లబ్బు చరిత్రలో మొదటిసారి. జనం ఎగబడతారని తెలిసే అతనికి అంత జీతం ఇచ్చారు. ఎగబడ్డారు కాబట్టే టికెట్ పెరిగింది. రెంటికీ మూలం మన ఆరాటమే.

అనుమానముంటే మా జట్టునే చూడండి. 2022 సీజన్ ముందు మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్, క్రిస్ బాసిట్, షాన్ మనాయా, ఇలా పేరున్నవాళ్ళందర్నీ ఒకరి తర్వాత ఒకర్ని వేరే జట్లకి పంపేశారు. జీతాల ఖర్చు లీగ్‌లో అట్టడుగు జట్ల సరసకి పడింది. సీజన్ టికెట్ ధరలు తగ్గాయా? పెంచారు. ఆ ఏడాది మొత్తం సొంత ఊరి ఆటలన్నిటికీ కలిపి 8 లక్షల మంది కూడా రాలేదు. 102 ఓటములు. అంత ఖాళీ స్టేడియంలో పిచరు ఊపిరి కూడా వినపడేదంటే అతిశయోక్తే గానీ, కుడివైపు బ్లీచర్స్ అనే చవక బెంచీల్లో డోలు కొట్టే నలుగురు అభిమానుల చప్పుడు మాత్రం ఎదురుగా మూడో అంతస్తు దాకా స్పష్టంగా వచ్చేది.

ఏ వ్యాపారి అయినా అలా ఖాతాదార్లని తరిమేసుకుంటాడా? బేస్‌బాల్‌లో కుదురుతుంది, ఎందుకంటే యజమానికి వచ్చే డబ్బులో గేటు దగ్గర వసూలయ్యేది ఒక పాయ మాత్రమే. జాతీయ టీవీ ఒప్పందాల డబ్బుని 30 జట్లూ పంచుకుంటాయి. పెద్ద ఊళ్ళ జట్ల స్థానిక ఆదాయంలో కొంత చిన్న ఊళ్ళ జట్లకి మళ్ళిస్తారు. ఈ జట్టుకి కొన్నేళ్ళు ఆపిన ఆ వాటాని 2022 ఒప్పందంలో తిరిగి ఇచ్చారు. వీటన్నిటికీ మించి జట్టు విలువ ఒకటుంది. 2005లో ఇప్పటి యజమాని జాన్ ఫిషర్ ఉన్న బృందం దీన్ని 18 కోట్ల డాలర్లకి కొంది. ఇప్పుడు ఫోర్బ్స్ పత్రిక అంచనా వంద కోట్లు దాటింది. పొలం పండకపోయినా భూమి ధర పెరుగుతుంటే కౌలుదారు గోడు ఎవడిక్కావాలి?

కొత్త జట్టు పెట్టుకోవచ్చుగా అంటారా? 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్‌ని గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి తప్పించింది. ఎక్కడ ఎన్ని జట్లుండాలి, ఏ ఊరు ఎవరి ఇలాకా అన్నది యజమానులే కూర్చుని తేల్చుకుంటారు. మా జట్టు ఆక్లాండ్ వదలాలని చూసిన తొలి రోజుల్లో 2006లో ఫ్రీమాంట్‌లోనే స్టేడియం కడతామన్నారు, పసిఫిక్ కామన్స్ పక్కన. 2009లో ఆ ఊసు వదిలేశారు. ఇప్పుడు అటు కాస్ట్‌కోకి వెళ్ళినప్పుడల్లా బండి తోసుకుంటూ మూడో బేస్ ఎక్కడుండేదా అని చూస్తాను, మా ఆవిడ పాలు మర్చిపోయావని అరిచేదాకా. తర్వాత శాన్ హోసే అన్నారు. అది జయంట్స్ ఇలాకా అని లీగ్ అడ్డుపడింది. శాన్ హోసే నగరం కోర్టుకెక్కింది, 2015లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. తొంభై మూడేళ్ళ నాటి తీర్పు ఇంకా కాపలా కాస్తూనే ఉంది.

2023 జూన్ 13న అభిమానులు ఒక తమాషా నిరసన చేశారు. మామూలుగా నిరసన అంటే ఆటకి రాకపోవడం. వీళ్ళు అందరం వద్దాం అన్నారు. జనం లేరు కాబట్టి పోతున్నాం అంటున్న యజమానికి జనాన్ని చూపిద్దామని. 27,759 మంది వచ్చారు. చాలామంది ఒంటి మీద ఆకుపచ్చ టీషర్టు, దాని మీద ఒకే మాట: ‘సెల్’, అమ్మెయ్యి అని. అభిమానులే అచ్చువేయించి వేలల్లో ఉచితంగా పంచినవి. టాంపా బే మీద మావాళ్ళు 2–1తో గెలిచారు, వరసగా ఏడో గెలుపు. ఆ సాయంత్రమే నెవాడా సెనేట్ లాస్ వేగస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లు ఆమోదించింది.

నాకు ఆ టీషర్టు దగ్గరే ఇంకో చిక్కుముడి కనపడింది. యజమాని మీద కోపంతో జట్టు టోపీలు, జెర్సీలు కొనడం మానేసినవాళ్ళు నా చుట్టూ చాలామంది. దానివల్ల ఆయనకి నష్టమెంత? స్టేడియం లోపలి కొట్లో కొంటే సరే, అది క్లబ్బు ఆదాయమే. కానీ దేశమంతా షాపుల్లో, ఆన్‌లైన్లో అమ్ముడయ్యే సరుకు వేరు. ఆ గుర్తుల హక్కుల్ని లీగ్ ఒక్కచోట కలిపి కంపెనీలకి ఇస్తుంది. టోపీలు న్యూ ఎరా, 1993 నుంచి మైదానంలో ఆటగాళ్ళవన్నీ వాళ్ళవే. జెర్సీలు 2020 నుంచి నైకీ పేరు మీద, తయారీ, అమ్మకం ఫనాటిక్స్. వాళ్ళు కట్టే రుసుము ఒక హుండీలో పడుతుంది, హుండీని 30 జట్లూ సమానంగా పంచుకుంటాయి. మీరు కొన్నది ఎవరి టోపీ అన్నది ఆ హుండీకి పట్టదు. నేను కోపంతో మా జట్టు టోపీ మానేసి పిల్లకి యాంకీస్ టోపీ కొంటే అందులోనూ ముప్ఫయ్యో వంతు ఫిషర్ గారికే. ఆయన టోపీ కొన్నా, 29 వంతులు ఇతరులకే. బహిష్కరణకి దొరికే సరుకు కాదిది. కోఠిలో ఫుట్‌పాత్ మీద బేస్‌బాల్ ఊసే తెలియని కుర్రాళ్ళు కొనుక్కునే దొంగ ‘ఎన్‌వై’ టోపీ ఒక్కటే, లోకంలో ఏ యజమానికీ పైసా ఇవ్వని యాంకీస్ టోపీ.

అన్నట్టు ఆ ‘ఎన్‌వై’ ఆటని దాటి వీధిలోకి రావడానికి ఒక ఫోన్ కాల్ సాయపడింది. 1996లో దర్శకుడు స్పైక్ లీ తన ఎర్ర జాకెట్‌కి సరిపోయేలా ఎర్ర రంగు యాంకీస్ టోపీ చేసిమ్మని న్యూ ఎరాని అడిగాడు. యాంకీస్ ముదురు నీలం తప్ప ఇంకోటి ఎరగరు. ఒప్పుకున్నారు, టీవీలో అందరూ చూశారు. జట్టు రంగు జట్టుదన్న పట్టింపు అక్కడితో సడలింది. ఇవాళ గులాబీ రంగులోనూ దొరుకుతుంది.

1950ల నాటి ఫొటోలు చూడండి. స్టాండ్లలో కూర్చున్న మగాళ్ళు కోటు, టై, నెత్తిన పెద్దమనిషి టోపీతో ఉంటారు. ఆటగాడి చొక్కా ప్రేక్షకుడు వేసుకోవడం అప్పటికి ఊహకందని సంగతి. చొక్కా వెనక ఆటగాడి పేరు కూడా 1960లో షికాగో వైట్ సాక్స్‌తోనే మొదలైంది. ఇప్పుడు ఆ పేరున్న జెర్సీ వంద డాలర్లు దాటిపోతుంది, మైదానంలో వేసుకునే టోపీ నలభై పైమాటే. అంత పెట్టినా 2024లో కొత్త రకం జెర్సీలొస్తే వీపు మీద అక్షరాలు పిల్లల సైజులో ఉన్నాయని, ప్యాంట్లలోంచి లోపలి చొక్కా కనపడుతోందని ఆటగాళ్ళే గోలపెట్టారు. మరుసటేడు పాత అక్షరాలకి మళ్ళారు.

ఈ సరుకులో అన్నిటికన్నా లాభసాటి పోయిన జట్ల గుర్తులు. మాంట్రియాల్ ఎక్స్‌పోస్ 1969లో పుట్టి 2004లో పోయింది, వాషింగ్టన్ నేషనల్స్‌గా మారింది. చివరి ఏళ్ళలో స్టేడియం వెలవెలబోయేది. పోయాక ఆ మూడు రంగుల టోపీ పిల్లలందరికీ మోజైంది. 2019లో నేషనల్స్ ఒక ఆట ఎక్స్‌పోస్ చొక్కాలతో ఆడారు. జట్టుని తీసుకెళ్ళినవాళ్ళే ఆ జట్టు మీద బెంగని అమ్మకానికి పెట్టారు. కొత్త ఆటగాణ్ణి కొనక్కర్లేదు, ఓడిపోతాడన్న భయం లేదు, జీతం అడగడు. చనిపోయిన జట్టంత చవక జట్టు లేదు.

మరి ఆ బెంగ ఎవరిది? చట్టం ఏమంటుంది? బ్రూక్లిన్ సంగతి వినండి. బ్రూక్లిన్ డాడ్జర్స్ 1957 సీజన్ తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది. జాకీ రాబిన్సన్ నల్లజాతి ఆటగాళ్ళకి తలుపు తెరిచిన జట్టు అది. 1960లో ఎబ్బెట్స్ ఫీల్డ్‌ని కూడా కూల్చేశారు. మూడు దశాబ్దాల తర్వాత బ్రూక్లిన్‌లో కొందరు ‘ద బ్రూక్లిన్ డాడ్జర్’ అని రెస్టారెంట్ పెట్టారు. మా గుర్తు వాడారని లీగ్, లాస్ ఏంజెలెస్ జట్టు దావా వేశాయి. రెస్టారెంట్ కంపెనీ అసలు పేరు ‘సెడ్ నాన్ ఓలెట్ డెనారియస్’. లాటిన్‌లో డబ్బుకి కంపు ఉండదని దాదాపు అర్థం. లాయర్లు కూడా నవ్వుకుని ఉంటారు. 1993లో న్యాయమూర్తి కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ రెస్టారెంట్ పక్షాన తీర్పు చెప్పారు. ఊరు వదిలినవాళ్ళు ‘బ్రూక్లిన్’ పేరుని ఏళ్ళ తరబడి వాడకుండా వదిలేశారు, మార్కెట్ ఉందని తెలిశాక తిరిగొచ్చి మాదే అంటే కుదరదన్నారు. తర్వాత రెండు పక్షాలూ రాజీ పడ్డాక ఆ తీర్పుని రద్దు చేశారు, అది వేరే సంగతి. లీగ్ మాత్రం పాత గుర్తుల్ని ‘కూపర్స్‌టౌన్ కలెక్షన్’ అని ఒక వరసగా పెట్టి ఎప్పుడూ అమ్మకంలో ఉంచుతుంది. నాకేమో అందులో సగం జ్ఞాపకాల మీద ప్రేమ, సగం హక్కు మురిగిపోకుండా కాపలా అనిపిస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్లీవ్‌లాండ్ వాళ్ళు 1996లో జట్టు బాల్టిమోర్ వెళ్తుంటే ‘బ్రౌన్స్’ పేరు, రంగులు, రికార్డులు మాత్రం లాక్కుని అట్టిపెట్టుకున్నారు. మూడేళ్ళకి అదే పేరుతో కొత్త జట్టు తెచ్చుకున్నారు. ఆక్లాండ్ నగరం కూడా పేరు మాకొదలండి అని అడిగింది. దక్కలేదు. 2023 నవంబరులో యజమానులు 30–0తో తరలింపుకి ఓటేశారు. శాక్రమెంటోలో మావాళ్ళ పేరు ఉత్త ‘అథ్లెటిక్స్’, ముందు ఏ ఊరి పేరూ లేదు. చొక్కా చేతి మీద మాత్రం లాస్ వేగస్ పేరున్న గుడ్డ. 14 వేల మంది పట్టే చిన్న స్టేడియంలో 2025 మార్చి 31న మొదటి ఆట, షికాగో కబ్స్ చేతిలో 18–3తో చిత్తు. సంతోషించానని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

రెండు అంకెలు నా బుర్రలోంచి పోవు. 2018 ఏప్రిల్ 17న, ఆక్లాండ్‌లో మొదటి ఆటకి యాభై ఏళ్ళు నిండిన రోజు, టికెట్లు ఉచితంగా ఇచ్చారు. వచ్చినవాళ్ళు 46,028. 2024 సెప్టెంబరు 26న చిట్టచివరి ఆట, రీసేల్‌లో ధరలు ఆకాశంలో ఉన్నాయి. వచ్చినవాళ్ళు 46,889. అదే కాంక్రీటు గిన్నె. వ్యాఖ్యాతల గదిలో పాసమ్ అనే జంతువు కాపురం పెట్టి, డ్రస్సింగ్ రూముల్లోకి మురుగు పొంగి, దేశమంతా నవ్విన స్టేడియం అది. ఉచితమన్నప్పుడూ నిండింది, ఇక దొరకదన్నప్పుడూ నిండింది. ఆ రెంటి మధ్య పెట్టిన ధరలకి మాత్రం మామూలు రోజుల్లో సగం కూడా నిండలేదు.

చివరి రోజు నేనూ వెళ్ళాను, ఎంత పెట్టానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. జాతీయగీతం పాడింది బ్యారీ జీటో. వీపు కాస్త వంచి నిల్చున్న నడివయసు మనిషి. మోకాలి దగ్గర దిగే ఆ బంతి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఆట ముందు లాంఛనంగా వేసే మొదటి బంతులు మా పాత ఆటగాళ్ళు డేవ్ స్టువర్ట్, రికీ హెండర్సన్ వేశారు. పిచరు కన్నుగప్పి పరిగెత్తి 1,406 బేసులు ‘దొంగిలించిన’ రికీ ఆ డిసెంబరులోనే పోయాడు. టెక్సస్ మీద 3–2తో గెలిచాం. మేనేజర్ మార్క్ కాట్సే మైకు పట్టుకుని జనంతో చివరిసారి ‘లెట్స్ గో ఆక్లాండ్’ అనిపించాడు.

ఇప్పుడు టికెట్లన్నీ ఫోన్లోనే కదా. ఆట అయ్యాక వారానికి యాప్ తనని తాను మార్చుకుంది, చివరి ఆట టికెట్ మాయమైంది. 2004 నాటి రెండు డాలర్ల అట్టముక్క మాత్రం సొరుగులో ఇప్పటికీ ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి అంతే. చివరి ఆటకి కూడా చేత్తో పట్టుకునేదొకటి ఉండాలని ఒక కంపెనీ దగ్గర అచ్చేసిన జ్ఞాపిక టికెట్ తెప్పించుకున్నాను. తపాలాతో కలిపి 29 డాలర్లు. వచ్చాక చూస్తే సెక్షన్ నంబరు తప్పు.

ఆ రోజు ఆట అయ్యాక మైదానం సిబ్బంది గోడ దగ్గరకొచ్చి, అడిగినవాళ్ళకి ఇన్‌ఫీల్డ్ మట్టి కప్పుల్లో పోసిచ్చారు. నేనూ ఒక కాఫీ కప్పు నిండా తెచ్చుకుని వంటింటి కిటికీలో పెట్టాను. ఈ వేసవిలో మా అమ్మ వచ్చింది. ఒకరోజు చూస్తే కప్పు కడిగి బోర్లించి ఉంది.

“అమ్మా, ఇందులో మట్టేదీ?”

“అదా, తులసి కుండీలో మట్టి తగ్గిందని వేశాన్రా. ఎక్కడ తెచ్చావ్ గానీ, ఉత్త బంకమట్టి. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికీ ఇంకి చావట్లేదు.”